వలరి పనితనం

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి దక్షిణంగా వెళ్తే కయత్తారు వస్తుంది. తెలుగు మూలాలున్న పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న అక్కడే ఉరితీశారు. ఆ పాలెగాళ్ల కాలంలో ఈ సీమలో వలరి అనే ఆయుధం ఉండేది. అది కొడవలిలా వంగిన విసురుకర్ర. శివగంగ, రామనాథపురం సీమలు దానికి పేరు. శివగంగను ఏలిన చిన్న మరుదు తనకు వలరి విసరడం నేర్పాడని ఆంగ్లేయ సైనికాధికారి జేమ్స్ వెల్ష్ 1830లో అచ్చయిన జ్ఞాపకాల్లో రాశాడు.

కొత్తగా చెక్కిన వలరి మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ముందు వంపు చూడాలి. కర్రలోని నార ఆ వంపు వెంటే సాగాలి. మధ్యలో అడ్డంగా తెగితే, దెబ్బ తగిలినప్పుడు అక్కడే విరుగుతుంది. కణుపులున్న కర్రదీ అదే గతి. తర్వాత బరువు. పట్టుకునే కొస సన్నగా, అవతలి కొస బరువుగా ఉండాలి. విసిరినప్పుడు ఊపు అక్కడే పుడుతుంది. చివరగా నునుపు. అంచు పొడవునా వేలు నడిపితే పేడు గుచ్చుకోకూడదు, సన్న పగులైనా తగలకూడదు. పైన పూసిన నూనె మెరుపు చూసి మోసపోవద్దు. పగుళ్లు దాని కిందే దాక్కుంటాయి.

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో పాత వలరులున్నాయి. వెళ్లినప్పుడు ఆ వంపును కాసేపు నిలబడి చూడండి.