కాలినరముల యుబ్బును, బిగుతు మేజోళ్లును

(నంద్యాల వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన కులమునకు చేతిపనియే ధనము. ఆ చేతికి బలము కాలు. ఆళ్లగడ్డలో విగ్రహముముందు నిలిచి యులి నడపు శిల్పియు, నంద్యాలలో కొలిమియొద్ద నిలుచు కమ్మరియు, వంటయింట నిలుచు గృహిణియు ప్రొద్దంతయు కాళ్లను నమ్మియే బ్రదుకుచున్నారు. కావున మేము కాలినిగూర్చి నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

కాలిలోని రక్తము సిరలగుండ హృదయమునకు పైకెక్కవలెను. సిరలలోని చిన్న కవాటములు దానిని క్రిందికి జాఱనీయవు. నడచునపుడు పిక్కకండ బిగిసి దానిని పైకి త్రోయును. కదలక నిలిచినచో నీ త్రోపు లేదు. కవాటములు సడలినచో రక్తము నిలిచి సిరలు వంకరలు తిరిగి యుబ్బును. వంశగుణము, గర్భధారణము, స్థూలకాయము, వయస్సు దీనికి తోడగును. ఉపేక్షించినచో చీలమండయొద్ద చర్మము నల్లబడి, మానని పుండు పడవచ్చును. పుండు పడిన పనివాని యింట కూలి యుండదు.

ఈ బాధనే పడిన కాన్రాడ్ జాబ్‌స్ట్ అను నమెరికాదేశపు యంత్రనిపుణుడు ఈతకొలనులో నిలిచినపుడు కాళ్లకు హాయి కలుగుట గమనించెను. నీటి యొత్తిడి లోతుకొలది హెచ్చును గదా! 1950 ప్రాంతమున నతడు చీలమండయొద్ద నెక్కువగను, పైకి పోనుపోను తక్కువగను బిగియు మేజోళ్లను రూపొందించెను. పనివాని బాధకు పనివాడే యుపాయము కనుగొనెను.

వీనిని కాలి చుట్టుకొలత తీయించియే కొనవలెను. ఉదయము మంచము దిగకమునుపే తొడిగి, రాత్రి తీయవలెను. దాదాపాఱు మాసములకు బిగువు సడలును, అపుడు మార్చవలెను. మధుమేహులును, కాలిధమనులలో రక్తప్రసారము తగ్గినవారును వైద్యు నడుగక తొడుగరాదు. మేజోళ్లకు బదులు గుడ్డపీలికలు గట్టిగ కట్టుట కీడు. ఇవి వాపును, నొప్పిని తగ్గించును, మానిన పుండు మరల పడకుండ తోడ్పడును. చెడిన కవాటమును మాత్రము బాగుచేయవు. అట్టివారికి లేజరు, శస్త్రచికిత్స మున్నగునవి కలవు. 2022లో జిల్లాకేంద్రమైన నంద్యాలయందు 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వెలసినది. ఇంక సంకోచ మేల? చీరకుచ్చెళ్లమాటున బాధను దాచు తల్లులారా, ముందుగా మీరే చూపించుకొనుడు.

మన యెండలలో నీ మేజోళ్లు చెమటపట్టి విసుగు పుట్టించుట నిజమే. పేదవానికి వెలయు భారమే. పోషకులారా! సన్మానపు శాలువలకు వెచ్చించు సొమ్ములో కొంత తీసి, నిలిచి పనిచేయు పేదలకు వైద్యుడు వ్రాసిన మేజోళ్ల నేటేట నిప్పింపుడు. శాలువ భుజమున నొక్కపూట నిలుచును; మేజోడు కుటుంబమును నిలుపును.