చిత్రంలో అడవి
(వజ్రోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



1974లో నేను ఇక్కడ ఎనిమిదవ తరగతి విద్యార్థిని. అడవిని గీయమంటే గొడుగులవంటి పది చెట్లను వరుసగా నిలబెట్టాను. మా డ్రాయింగు మాస్టారు కోప్పడలేదు. 'సోవియట్ భూమి' పత్రిక నుండి కత్తిరించి దాచుకొన్న ఒక రంగుల పుటను చూపి, "ఇందులో ఆకులెన్నో లెక్కపెట్టరా" అన్నారు. ముందరి కొమ్మల దగ్గరే లెక్క తప్పింది. ఆపైన ఉన్నవి వెలుగునీడల రాశులే.

అది రష్యన్ చిత్రకారుడు ఇవాన్ షిష్కిన్ 1889లో రచించిన 'పైన్ అడవిలో ఉదయం'. విరిగిన మాను మీద ఎలుగుపిల్లలు, వెనుక పొగమంచు. దగ్గరి బోదెల మీద బెరడు పగుళ్లు సైతం కనబడతాయి. దూరం పోయినకొద్దీ గీత మెత్తబడుతుంది, ముదురు రంగు బూడిదవన్నెకు తిరుగుతుంది, చివరకు మ్రాకులు మంచులో కరిగిపోతాయి. అడవి లోతు అంతా ఆ కరగడంలోనే ఉన్నది. ఎలుగుబంట్లను చిత్రించినది మాత్రం ఆయన మిత్రుడు సవిత్స్కీ. చిత్రాన్ని కొన్న ట్రెత్యకోవ్ ఆ రెండవ సంతకాన్ని తొలగించారు. అది న్యాయమని నాకు నేటికీ తోచదు.

మరునాడు మాస్టారు మమ్ములను మన గంజాం కొండల గుగ్గిలపు చెట్ల క్రిందికి తీసుకొనిపోయారు. "కొమ్మను కాదు, కొమ్మల నడుమ ఆకాశాన్ని గీయండి" అన్నారు. ఒక్కొక్క సందుకు ఒక్కొక్క ఆకారం. దానిని పట్టుకొంటే కొమ్మ తానే వచ్చేది! మొదళ్లన్నీ ఒకే గీత మీద ఆనరాదనీ, దగ్గరి చెట్టు మొదలు కాగితంలో దిగువకు, దూరపుది ఎగువకు రావాలనీ అప్పుడే తెలిసింది. నా పది గొడుగులకు పట్టిన జబ్బు అదే.

ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మాకు బోదె, పంగ, రెమ్మ, తొర్ర అనే మాటలు వచ్చినది ఆ గీతల వెంటనే. ఏ వాచకంలోనూ అవి మాకు కనబడలేదు. పెన్సిలుతో తొర్రను వెదికినవాడు ఆ మాటను మరువడు.

నేడు పై తరగతులలో చిత్రలేఖనపు గంట లెక్కలకు పోతున్నదని విన్నాను. ఇది నింద కాదు, విన్నపం. వారానికి ఒక్క గంటను తిరిగి ఇవ్వండి. వీలైతే చెట్ల క్రింద ఇవ్వండి.

మాస్టారు తమ పదవీ విరమణనాడు నాకిచ్చిన ఆ పుటను అద్దం కట్టించి తెచ్చాను. నాలుగు మూలలా వారి గుండుసూదుల రంధ్రాలు ఇంకా ఉన్నవి. ప్రధానోపాధ్యాయులవారు స్వీకరించి ఎనిమిదవ తరగతి గోడకు తగిలించవలసినదిగా ప్రార్థిస్తున్నాను.