బ్రిటను చూడబోవువారికి

విదేశయాత్ర అనగానే పూర్వము బారిష్టరు చదువులకు పోవు యువకులే స్ఫురించెడివారు. నేడట్లు కాదు. కొడుకో కూతురో లండనులోనో మాంచెస్టరులోనో స్థిరపడగా, వారిని చూచివచ్చుటకై తల్లిదండ్రులు విమానమెక్కుచున్నారు. సందర్శకులకు సాధారణముగా ఒక్కమారు ఆరు మాసములవరకు ఉండుటకు అనుమతి లభించును. ఆ ఆరు మాసములు గడచు తీరేమి? పిల్లలు పనులకు పోగా కిటికీకడ కూర్చుండి వానను చూచుట. ఆదివారమునాడు కారులో పోయి రాజభవనపు ద్వారమువద్ద ఫొటో తీయించుకొనుట. అంత దూరము పోయి ఆ జాతి జీవితమును చూడక తిరిగివచ్చుట ఎంతటి నష్టము! ఆంగ్లము సరిగా రాదనియు, ఖర్చు అధికమనియు జంకుటయే దీనికి కారణము. ఈ జంకు అనవసరమని మేము చెప్పదలచితిమి.

బ్రిటనులో చూడదగినవానిలో అనేకము రుసుము లేకయే చూడవచ్చును. 1753లో పార్లమెంటు శాసనముచే ఏర్పడి, 1759లో తలుపులు తెరచిన బ్రిటిషు మ్యూజియమునకు గాని, 1824లో నెలకొల్పబడిన నేషనల్ గ్యాలరీకి గాని ప్రవేశ రుసుము లేదు. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే టికెట్టు. వేల్సు దేశమున కార్డిఫ్ దాపున సెయింట్ ఫాగన్స్ అను చోట 1948లో తెరచిన ప్రదర్శనశాల మరియొక వింత. ఆ దేశపు నలుమూలలనుండి పాత ఇండ్లను, బడిని, దుకాణమును రాయి రాయి విప్పి తెచ్చి, ఆరుబయట మరల నిలిపిరి. పల్లెటూరి పొయ్యిని చూచి అర్థము చేసికొనుటకు ఆంగ్లముతో పనిలేదు. ఒక్క హెచ్చరిక. ఒక్క దినమున మ్యూజియమంతయు చూడబూనుట, విందులో ప్రతి వంటకమును కడుపునిండ తినబూనుటవంటిది. పూటకు రెండు గదులు చాలును.

బ్రిటిషు మ్యూజియములో తెలుగువారు మొదట చూడవలసినవి అమరావతి శిల్పములు. కృష్ణాతీరమున శాతవాహనుల కాలమందు వర్ధిల్లిన మహాస్తూపపు శిల్పములు సుమారు 120 అచట నున్నవి. 18వ శతాబ్ది చివర మెకంజీ ఆ దిబ్బను చూచునాటికే ఊరి కట్టడములకై రాళ్లు తరలిపోవుచుండెను. కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించిన శిల్పములు మద్రాసు చేరి, 1859లో ఓడనెక్కి లండను పోయినవి. 1880లో ఈ మ్యూజియమునకు వచ్చినవి. స్తూపము ఎట్లుండెడిదో శిల్పి ఆ స్తూపపు ఫలకముమీదనే చెక్కి చూపెను. నేడు అమరావతిలో స్తూపపు అడుగుభాగమే మిగిలియున్నందున, దాని పూర్వవైభవమును ఊహించుటకు ఇట్టి ఫలకములే ఆధారము.

వాని యెదుట నిలిచిన తెలుగువారికి గర్వమును బాధయు ఒక్కమారే కలుగును. ఇచటికి రాకున్న ఈ రాళ్లు సున్నమైపోయెడివని కొందరందురు. తీసికొనిపోవుటకు వారికి హక్కెక్కడిదని కొందరందురు. మొదటి మాటలో కొంత నిజము కలదు. కాని ఆపదలో కాచినంత మాత్రమున సొత్తు కాచినవారిది కాజాలదని మా అభిప్రాయము. ఈ ప్రశ్నను మనసున ఉంచుకొనియే ఆ శిల్పములను చూడవలెను. మనుమలను వెంట తీసికొనిపోయి, ఇది మన కృష్ణ ఒడ్డున చెక్కిన రాయి అని చూపవలెను. తాతగారు చెప్పినట్లు ఆ మాటను గోడమీది పలక చెప్పలేదు.

ఇక వినోదముల సంగతి. థేమ్సు నది దక్షిణపుటొడ్డున షేక్స్పియరునాటి గ్లోబు నాటకశాలను పోలిన శాలను మరల కట్టి 1997లో తెరచిరి. నడుమనున్న ఆరుబయటి ఆవరణలో నిలిచి చూచువారికి టికెట్టు కొద్ది పౌండ్లు మాత్రమే. 1895లో ఆరంభమైన ప్రామ్స్ సంగీతోత్సవములకును ఇదే మర్యాద. ఏటేట వేసవిలో ఆల్బర్టు హాలున జరుగు ఆ కచ్చేరీలను నిలిచి వినువారు స్వల్ప మూల్యముతో వినవచ్చును. మోకాళ్ల నొప్పులు గలవారికి వేరొక ఉపాయము కలదు. వెస్ట్‌మినిస్టరు ఆబీని పగలు చూచుటకు టికెట్టు కొనవలెను. సాయంకాలపు గాన ప్రార్థనకు మాత్రము ఎవరైనను ఉచితముగా పోయి కూర్చుండవచ్చును. అది ప్రార్థన గావున ఫొటోలు తీయరాదు, నడుమ లేచి రారాదు.

ఆ దేశమున మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది కాలిబాట. ఇంగ్లండు, వేల్సులలో పొలములగుండ, పచ్చిక బయళ్లగుండ పోవు బాటలపై ఎవరైనను నడచుటకు చట్టబద్ధమైన హక్కు కలదు. భూమి ఎవరిదైనను సరియే. ఇట్టి స్వేచ్ఛ ఊరక రాలేదు. పూర్వము బీడుకొండలను జమీందారులు వేటకై మూసియుంచగా, 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు ప్రాంతపు శ్రామిక యువకులు వందలకొలది కిండరు స్కౌటు కొండపైకి నిషేధమును ధిక్కరించి నడచిరి. ఐదుగురు చెరసాలకు పోయిరి. 1949లో జాతీయోద్యానముల చట్టము వచ్చెను. 1951లో ఆ కొండయున్న పీక్ డిస్ట్రిక్టే మొదటి జాతీయోద్యానమయ్యెను. ఉప్పు సత్యాగ్రహమును ఎరిగిన మనకు ఈ కథ పరాయిది కాదు. పసుపుపచ్చని బాణపు గుర్తు కాలినడక బాటకు చిహ్నము. తెరచిన తడికను మరల మూయుట, పశువులకు ఎడముగా నడచుట పాంథుని ధర్మములు.

కొన్ని చిన్న సూచనలు. జూనులో రాత్రి తొమ్మిది దాటువరకు వెలుగుండును. డిసెంబరులో లండనున నాలుగు గంటలకే చీకటి పడును. కావున యాత్రకు వేసవియే మేలు. అప్పుడును వానకోటు విడువరాదు. లండను బస్సులలో 2014 నుండి నగదు తీసికొనరు. కార్డు వెంట నుండవలెను. క్యూలో తన వంతుకై నిలుచుట, చిన్న సాయమునకైనను కృతజ్ఞత చెప్పుట అచట పెద్ద మర్యాదలు. ఆ రెండును తెలిసినవారికి భాష కొరత అంతగా అడ్డురాదు.

పులిహోర మూటతో, వానకోటుతో వారమునకొక్క దినము బయలుదేరినచో ఆరు మాసములలో ఇరువదియైదు దినములగును. మొదటి రెండు మూడు మారులు పిల్లలలో ఒకరు తోడు వచ్చి దారి చూపిన చాలును. ఆ పిదప పెద్దలే పోయిరాగలరు; సాయంకాలము పనినుండి అలసివచ్చిన పిల్లలకు చెప్పుటకు వారివద్ద ఒక క్రొత్త కబురుండును.