జెయ్‌నెప్ తుఫెక్చి: జనం చేరాక ఏమిటి?



మన ఇళ్లలో జైనబ్ అని పిలుచుకునే పేరే టర్కీలో జెయ్‌నెప్. ఇస్తాంబుల్‌లో పుట్టిన జెయ్‌నెప్ తుఫెక్చి మొదట కంప్యూటర్ ప్రోగ్రామర్. తర్వాత సమాజశాస్త్రంలోకి వచ్చి, అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. నార్త్ కరోలినాలో బోధించి, ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. న్యూయార్క్ టైమ్స్‌లో కాలమ్ రాస్తారు.

2013లో ఇస్తాంబుల్ గెజి పార్కు నిరసనల్లో ఆమె జనం మధ్య తిరిగి, వాళ్లతో మాట్లాడారు. 2017లో వచ్చిన ‘ట్విటర్ అండ్ టియర్ గ్యాస్’ పుస్తకంలో అవన్నీ ఉన్నాయి. ఫోన్లో ఒక్క సందేశంతో వేలమంది చేరిపోతారు. మర్నాడు ఏం చేయాలో తేల్చుకునే ఏర్పాటు మాత్రం ఉండదు అంటారామె. 1955లో అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతివారు బస్సులు బహిష్కరించినప్పుడు సంగతి వేరు. ఒక కాలేజీ ఉపాధ్యాయిని రాత్రికి రాత్రి వేలాది కరపత్రాలు సైక్లోస్టైల్ తీయించారు. ఎవరి కారు ఏ వీధికి రావాలో కూర్చుని తేల్చుకున్నారు. అలా 381 రోజులు నిలబడ్డారు. ఆ చాకిరీయే వాళ్లను ఒక్కటి చేసిందని ఆమె వాదన. సైక్లోస్టైల్ సిరా చేతులకు అంటిన తరం కాబట్టి మాకిది ఇట్టే అర్థమైంది.

2020 మార్చిలో మామూలు జనానికి మాస్కులు అక్కర్లేదని అధికారులు చెబుతున్న రోజులు. మరి డాక్టర్లకు ఎందుకు పనికొస్తున్నాయని ఆమె పత్రికలో నిలదీశారు. కొరత ఉంటే కొరత ఉందనే చెప్పాలి, లేకపోతే రేపు మీ మాట ఎవరూ నమ్మరన్నారు. ఆమె డాక్టరు కాదు, అయినా అడిగారు. ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వమే మాట మార్చుకుంది. వ్యాసరచనకు 2022 పులిట్జర్ తుది జాబితాలో ఆమె పేరు చేరింది.

మన సొసైటీ వాట్సాప్‌లో విజ్ఞప్తి పెడితే గంటలో డబ్బు వస్తుంది, అల్‌హమ్దులిల్లాహ్. ఆ డబ్బుతో చేరిన అమ్మాయి ఇంటర్ రెండో ఏడాదికి వచ్చిందా, మధ్యలో నిఖా చేసి పంపేశారా అని ఇంటికెళ్లి చూసేవాళ్లే తక్కువ. ఫీజులకు నిధి చాలని ఏడాది చాలలేదని దాతలకు ముందే చెప్పడం కూడా మనం అలవాటు చేసుకోవాలి.

ఉపాధ్యాయులం మేము నెలకో ఆదివారం ఇవ్వడానికి సిద్ధం. మాతోపాటు ఇంటింటికీ రాగలిగినవారు సభ అయ్యాక పేర్లు రాయించండి. ఆడవాళ్లు వస్తే మరీ మంచిది, తల్లులు మనసు విప్పి మాట్లాడతారు.