మోకాలి ఆపరేషన్ తర్వాత కుక్క

హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కట్టిన డాగ్ పార్కుకు వెళ్తే, బంతి కోసం దూసుకెళ్లి గబుక్కున మలుపు తిరిగే లాబ్రడార్లు కనిపిస్తాయి. లోలోపల అప్పటికే అరిగిన మోకాలి లిగమెంటు పుటుక్కుమనేది అలాంటి మలుపులోనే.

అలా లిగమెంటు తెగిన పెద్ద కుక్కలకు ఎక్కువగా టీపీఎల్‌ఓ ఆపరేషన్ చేస్తారు. అమెరికా పశువైద్యుడు బార్‌క్లే స్లోకమ్ రూపొందించిన పద్ధతి ఇది. మోకాలి కింది ఎముక పైభాగాన్ని కోసి, కొంచెం తిప్పి, ప్లేటుతో బిగిస్తారు. ఆ కోత అతుక్కోవడానికి సుమారు 8 నుంచి 12 వారాలు పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, రెండు మూడు వారాలకే కుక్క కాలు మోపి, తోకాడిస్తూ సోఫా ఎక్కబోతుంది. దానికి నొప్పి తగ్గిందంతే, ఎముక ఇంకా అతకలేదు. దయచేసి ఆ హుషారు చూసి మోసపోకండి.

గచ్చిబౌలి, మాదాపూర్ ఫ్లాట్లలో నున్నటి టైల్స్‌తోనే పెద్ద ప్రమాదం. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి లిఫ్టు దాకా రబ్బరు మ్యాట్లు పరవండి. మెట్లు వద్దు. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడకు పట్టీ ఉండాలి, పొట్ట కింద మడతపెట్టిన తువ్వాలు ఆసరాగా ఉండాలి. మొదట్లో ఐదు నిమిషాల నడక చాలు. కుట్లు నాకకుండా మెడకు కోన్ తప్పదు.

నొప్పికి మనం వాడే ఐబుప్రొఫెన్ మాత్ర మాత్రం వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. జాలిపడి తిండి పెంచకండి. బరువు పెరిగితే రెండో మోకాలికీ ముప్పే. ఎనిమిది వారాల ఎక్స్‌రే చూసి డాక్టరు సరే అన్నాకే పట్టీ విప్పండి.