పూటకూటి యింటినుండి పలుశాఖల భోజనశాల వఱకు



అన్నమును అమ్మరాదని మన పూర్వులనిరి. ఆకలిగొని వచ్చినవానికి పెట్టుట ధర్మము, అందుకు వెల పుచ్చుకొనుట లోపము అని వారి తలంపు. గోదావరీ తీరమున లంకల గన్నవరమందు డొక్కా సీతమ్మగారు (1841-1909) జీవితమంతయు అన్నదానము చేసి ఆ ధర్మమునకు రూపమై నిలిచిరి. ఐనను ప్రతి యూరను ఒక సీతమ్మగారుండరు గదా! బాటసారికి దారిలో ఆకలి తప్పదు. కావుననే పూటకూటి యిండ్లు వెలసినవి. ఓరుగల్లులో ఒక రూక యిచ్చి కమ్మని భోజనము చేయు ముచ్చట ‘క్రీడాభిరామము’నందు కలదు. అనగా, అన్నమును వెలకు పెట్టుట మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. క్రొత్తది ఏదనగా, ఒక్క పేరుతో, ఒక్క రుచితో, పలు పట్టణములందు భోజనశాలలు నడపుట. ఆ విషయమునే నేడు మనవి చేసెదను.

ఇందలి కష్టము బెల్లము వండు మన ప్రాంతము వారికి చక్కగా తెలియును. చేను ఒక్కటే, చెఱకు ఒక్కటే; ఐనను నిన్నటి పెనములోని పాకము నేడు రాదు. మంట హెచ్చినచో రంగు చెడును. దింపుట ఆలస్యమైనచో పాకము ముదురును. అనకాపల్లి బజారులో వర్తకుడు ప్రతి దిమ్మను చూచి చూచి వెల కట్టుట అందువలననే. వంటయు నంతే. పది యూళ్లలో పదిమంది వంటవారు ఒక్క పప్పును ఒక్క తీరున వండవలెనన్నచో, హస్తవాసిని మాత్రమే నమ్ముకొనరాదు. సరకు, కొలత, వేళ, శుభ్రత, ఈ నాలుగింటికిని కట్టుబాటుండవలెను.

ఈ కట్టుబాటును అమెరికావారు మిక్కిలి సాధించిరి. గుండ్రని రొట్టెను రెండుగా కోసి, నడుమ మాంసపు బిళ్ల నుంచి తినెడి పదార్థమును వారు హాంబర్గరందురు. 1921లో విచిటా పట్టణమున ‘వైట్ కాజిల్’ అను అంగడి దానిని ఐదు సెంట్ల కొకటి చొప్పున అమ్మజొచ్చెను. శాన్ బెర్నార్డినోలో మెక్‌డోనాల్డ్ సోదరులు 1948లో తమ పదార్థముల సంఖ్యను తగ్గించి, వడ్డనవారిని మాన్పించి, వంటపనిని కర్మాగారములో వలె పాళ్లు వేసి పంచిరి. 1955 ఏప్రిలులో రే క్రాక్ అనునతడు డెస్ ప్లెయిన్స్‌లో అదే పేరుతో శాల తెఱచి, ఆ పేరును, ఆ పద్ధతిని ఇతరులకు ఒడంబడికపై ఇచ్చుచు దేశమెల్ల వ్యాపింపజేసెను. ఆ సంస్థ 1996లో మన దేశమునకు వచ్చినపుడు మాత్రము గోమాంసమును విడిచిపెట్టి, బంగాళాదుంప బిళ్లకు చోటిచ్చెను. ఎంతటి పేరుగల అంగడియైనను తినువాని మనస్సు నెఱిగి నడచుకొనక తప్పదు.

మన దక్షిణదేశమున ఈ త్రోవ తీసినవారు ఉడిపివారు. వారిలో కె. కృష్ణారావుగారు 1938లో మద్రాసునందు ‘వుడ్‌లాండ్స్’ను స్థాపించిరి. ఆ పేరు పిమ్మట ఇతర నగరములకును ప్రాకెను. మన తెలుగునాట, కాకినాడలో, గునుపూడి సుబ్బయ్యగారు ‘శ్రీ కృష్ణ విలాస్’ అను భోజనశాలను తెఱచిరి. జనులు ఆ పేరును ప్రక్కకు నెట్టి ‘సుబ్బయ్యగారి హోటలు’ అని పిలువసాగిరి. అరటియాకులో పెక్కు వంటకములను కొసరి కొసరి వడ్డించుటయే అచ్చటి విశేషము. ఆ వంటకములనే బుట్టలో సర్ది యింటికి పంపు ‘బుట్ట భోజనము’ పేరు మోసినది. నేడు ఆ పేరుతో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములందును భోజనశాలలు కలవు.

కొలతయు రుచియు పెంపునకు సగము కారణములు. తక్కిన సగము పంక్తి. పూర్వము పలు హోటళ్లలో బ్రాహ్మణులకు వేఱు గది యుండెడిది; అస్పృశ్యులని పేరు పెట్టబడినవారికి లోనికి రానే వీలులేకుండెడిది. వచ్చినవాని కులమడిగి ఆకు వేయు శాల తన యూరిలో నిలిచిన నిలుచుగాక. ఎవరెవరో వచ్చిపోయెడి పది పట్టణములలో వ్యాపింపజాలదు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసి, హోటళ్లలో ప్రవేశమునకు కులము అడ్డు కారాదని శాసించెను. 1955లో అట్లు అడ్డుపడువారిని శిక్షించు చట్టము పుట్టెను. అమెరికాలోను ఈ పోరు తప్పలేదు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికే వడ్డించు బల్లవద్ద కూర్చుండి, వడ్డింపకున్నను లేవరైరి. అన్ని హోటళ్లకును వర్తించు చట్టము అచ్చట 1964లో గాని రాలేదు.

చట్టము వ్రాసినంతమాత్రమున పంక్తి కలియునా? నా తప్పు నొకదానిని చెప్పెదను. సుమారు 1972లో నేను బాలుడను. నేనును ఒక సహపాఠియు ప్రతిదినము నడచి బడికి పోవుచుండెడివారము. దారిలో నొక టీ అంగడి కలదు. నాకు లోపలి గ్లాసులో టీ యిచ్చెడివారు. అతని గ్లాసు వెలుపల చూరులో దోపియుండెడిది. అతడే దానిని తీసి, త్రాగి, కడిగి, మరల చూరులో పెట్టెడివాడు. చట్టము పుట్టి అప్పటికి పదునేడేండ్లు. నేను చూచుచు నా టీ త్రాగితిని. ఒక్క మాటయు ననలేదు. మడియాచారములుగల యింట పుట్టినవాడను, అది తప్పని నాకు తోచనైన లేదు. పిమ్మట ముప్పదియేండ్లు పిల్లలకు రాజ్యాంగము పాఠము చెప్పితిని. పదునేడవ అధికరణము చెప్పునపుడెల్ల ఆ చూరు నా కన్నులకు కట్టెడిది.

గడచిన యేడు నేనును ఆ మిత్రుడును విశాఖలో నొక భోజనశాలలో ప్రక్కప్రక్కన కూర్చుంటిమి. వడ్డించువాడు మమ్ము నడిగినది ఒక్కటే: ‘ఇంకొంచెము వేయుదునా?’ మిత్రుడు నవ్వి, ‘పంతులుగారూ, ఈ ఆకు నేను కడుగనక్కఱలేదు గదా!’ అనెను. అతనితో కలిసి నవ్వజాలనైతిని.

పెద్దలారా! అందఱు పిల్లలును ఒక్క పంక్తిని తినుట బడి మధ్యాహ్న భోజనమున నేర్చుచున్నారు. మన రాష్ట్రమున 2024లో ఆ భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆ పేరునకు తగిన నడవడి బడి గోడలు దాటి వెలికి రావలెను. రేపు ఉదయము మీ యూరి టీ అంగడికి పోయినపుడు చూరు వైపు ఒకమాఱు చూడుడు. అచ్చట వేఱు గ్లాసు కానరానిచో సంతోషము. కానవచ్చినచో, దానిని తీయింపక మీ టీని ముట్టకుడు. మీ మాట అంగడివాడు వినును. నేను నాడు అనని మాటను మీరు నేడు అనుడు.

సెలవు.