ఊరి మేత బీడు – మన పాల సంఘం

(ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చుల మీద నేను చెప్పవలసింది తనిఖీ నివేదికలో రాశాను. కార్యదర్శి గారు చదివి వినిపించారు కూడా. ఇప్పుడు ఎజెండాలోని నాలుగో అంశం గురించి నాలుగు మాటలు చెబుతాను. పాల శీతలీకరణ యంత్రానికి గది కావాలి, అందుకు ఊరికి ఉత్తరాన ఉన్న మేత పోరంబోకులో ముప్పై సెంట్లు ఇప్పించమని పంచాయతీని కోరుతూ తీర్మానం చేయాలి – ఇదీ అంశం. యంత్రం రావాలని మీకెంత ఉందో నాకూ అంతే ఉంది. ఆ స్థలం మాత్రం అడగవద్దని మనవి చేయడానికి నిలబడ్డాను.

నేను సహకార డిప్లొమా చదివినవాణ్ణి. గడ్డి గురించి నాకు తెలిసిందంతా మీవంటి వారి దగ్గర నేర్చుకున్నదే. అయినా ఈ సంగతి మాట్లాడే సాహసం ఎందుకు చేస్తున్నానంటే, ఇందులో ఒకసారి నేను తప్పు చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంఘం తనిఖీకి వెళ్ళాను. రెండేళ్ళలో అక్కడ పాలు పోసేవారు దాదాపు సగానికి తగ్గారు. పుస్తకాలన్నీ తిరగేశాను. వెన్న పరీక్షలో తేడా లేదు, బట్వాడాలో ఆలస్యం లేదు. కారణం రాయవలసిన చోట "సభ్యుల నిరాసక్తత" అని రాసి, సంతకం పెట్టి బస్సెక్కాను. మరుసటేడు మళ్ళీ వెళ్ళినప్పుడు, మొదటిసారి నాకు మజ్జిగ ఇచ్చిన ముసలమ్మ ఇంటి ముందు గుంజ ఒట్టిగా కనబడింది. "గేదె ఏమైందమ్మా?" అన్నాను. "యాడ మేపేది నాయనా, మిట్టకు కంచె ఏసిరి గదా" అంది. ఊరి మేత బీడును ఏటా నాలుగు సాళ్ళు జరుపుకుంటూ దున్ని, చివరికి ముళ్ళకంచె బిగించారు. పొలం ఉన్నవారికి చొప్ప ఉంది, గట్ల మీద పచ్చిక ఉంది. సెంటు భూమి లేకుండా ఒక గేదెను నమ్ముకున్నవారు ముందు గేదెను అమ్మారు, ఆ తరువాత పాల పుస్తకం మూశారు. నా నివేదిక ఇప్పటికీ ఏదో బీరువాలో ఉండి ఉంటుంది. ఆ రెండు మాటలు కొట్టివేయాలని చాలాసార్లు అనుకున్నాను.

నాలుగు వందల కిలోల గేదెకు రోజుకు పది కిలోలకు తగ్గకుండా ఎండు మేత లెక్కన పడాలి. అంతా కొని పెడితే లీటరు మీద మిగిలేది ఏమిటో మీ ఇంట్లో ఆడవారిని అడగండి. తొలకరి నుంచి సంక్రాంతి దాకా బీడు మీద మేసిన మేతకు ఏ ఖాతాలోనూ పద్దు లేదు. పద్దు లేదు కాబట్టి దాన్ని ఖాళీ జాగా అంటున్నాం.

ఈ సంగతి పాల సహకారోద్యమానికి కొత్త కాదు. ఆనంద్‌లోని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి చొరవతోనే 1988లో చెట్ల పెంపకందారుల సహకార సమాఖ్య ఏర్పడింది. పాలకు ఊరి సంఘం ఉన్నట్టే బంజరుకూ ఊరి సంఘం ఉండాలని, ఆ సంఘం బంజరును లీజుకు తీసుకుని వంటచెరకు, పశుగ్రాసం పెంచుకోవాలని వారి ఆలోచన. ఆ పని నుంచే 2001లో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ వచ్చింది. మన మదనపల్లె ప్రాంతంలోనూ ఊరివారి కమిటీల ద్వారా ఉమ్మడి భూములను బాగుచేయించే పని పెట్టుకుంది.

పద్ధతి చూస్తే కష్టమైనదేమీ కాదు. బీడులో ఒక భాగాన్ని వానలు పడగానే మూసివేయాలి. గడ్డి పూతపట్టి గింజ రాలేదాకా పశువు కాలు పెట్టకూడదు. ఆ తరువాత కోసుకుని మోసుకుపోవచ్చు. వాలు మీద నీరు నిలిచేలా కందకాలు తవ్వాలి. మరుసటేడు మరో భాగం మూయాలి. కష్టమంతా ఎక్కడంటే, మూసిన భాగంలోకి మొట్టమొదట తోలేది ఎవరి పశువులో, వారికి జరిమానా వేసే ధైర్యం ఎవరికుందో అక్కడ. పాలలో నీళ్ళు కలిపిన సభ్యుణ్ణి నిలబెట్టి అడిగిన సంఘం మీది. ఇదీ చేయగలరు.

ఇక చట్టం. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ మేత బీళ్ళు, కళ్ళాలు, శ్మశానాలు, తోపుల వంటి పోరంబోకులను గ్రామ పంచాయతీ పరం చేసింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి తిరిగి ఊరికి అప్పగించే ఏర్పాట్లు చేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. పంజాబులో ఒక ఊరి చెరువు మీద వచ్చిన కేసు అది. కాగితం మన వైపే ఉంది. అయితే కాగితం పట్టుకుని వెళితే అధికారి అడిగే మొదటి ప్రశ్న, హద్దులు ఎక్కడ అని.

ఈ ఊరి మేత బీడు హద్దురాళ్ళు తెలిసినవారెవరని నిన్న సాయంత్రం వాకబు చేశాను. ముగ్గురి పేర్లు చెప్పారు. ముగ్గురూ డెబ్భై దాటినవారే.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాలయం మీలో కొందరైనా చూసి ఉంటారు. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ లోయలో ఏళ్ళ తరబడి మొక్కలు నాటి కాపాడారు. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రదేశంగా ప్రకటించుకున్నారు. అక్కడి పిల్లలు పక్షిని, చెట్టును ఆరుబయటే చూసి నేర్చుకుంటారు. అది ఒక ట్రస్టు నడిపే బడి, వారికి వసతులున్నాయి, మన మండల పరిషత్ బడికి లేవు అంటారా? నిజమే. బీడు మీదికి నడవడానికి వసతులేమీ అక్కరలేదు గదా.

మన పిల్లల్లో గరికకు, అంజన గడ్డికి తేడా తెలిసినవారు ఎందరు? తంగేడును పశువు ముట్టదని, అదొక్కటే మిగిలిందంటే బీడును అతిగా మేపారని అర్థమని పుస్తకంలో దొరకదు. వయ్యారిభామ తింటే పాలు చేదెక్కుతాయని మీకు తెలుసు, వారికి చూపించండి. దాన్ని మాత్రం పిల్లల చేత పీకించవద్దు, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి.

కాబట్టి నా మనవి ఇది. నాలుగో అంశాన్ని ఉపసంహరించుకోండి. పాల సేకరణ కేంద్రం వెనుక పెరడు నిన్న కొలిపించాను. గదికి సరిపోతుంది. ట్యాంకరు తిరగడానికి ఇరుకే, ఒప్పుకుంటాను. ప్రహరీ ఒక మూల జరపవలసి వస్తుంది, ఖర్చు అవుతుంది. కానీ సంఘమే ముప్పై సెంట్లు తీసుకున్నాక, రేపు మరొకరు మూడెకరాలు అడిగితే ఏ ముఖం పెట్టుకుని కాదంటాం?

దాని బదులు ఇంకో తీర్మానం రాయండి. వచ్చే రెండో శనివారం ఉదయం ఆరున్నరకు, ప్రధానోపాధ్యాయుల వారి అనుమతితో ఆరు, ఏడు తరగతుల పిల్లలను ఆ ముగ్గురు పెద్దల వెంట బీడు చుట్టూ నడిపించాలి. సర్వేయరు గారిని ఎఫ్.ఎం.బి. పటంతో రమ్మని పంచాయతీ ద్వారా అర్జీ పెట్టాలి. దొరికిన ప్రతి రాయికీ పిల్లల చేతనే సున్నం కొట్టించాలి, కనబడని రాయి ఉండవలసిన చోటును వారి నోటు పుస్తకంలో బొమ్మగా గీయించాలి. ఏటా తొలకరికి ముందు ఇదే పని మళ్ళీ చేయాలి. పెద్దలు నడవలేకపోతే సంఘం ఖర్చుతో ఆటో పెట్టండి. సున్నానికి, కుంచెలకు, పిల్లల ఉప్మాకు అయ్యే ఖర్చు సభ్యుల శిక్షణ పద్దులో రాసుకోవచ్చు. రసీదులు మాత్రం దాచండి, వచ్చే తనిఖీలో అడిగేది నేనే.